ఎనుము, ఇనుము, దస్తగిరమ్మ తొడ

దస్తగిరమ్మ తొడ ఎముక విరగ్గొట్టింది ఒక ఎనుము. ఆ తొడను చెడగొట్టింది మీరు. జిల్లా ఆస్పత్రి లోహ భద్రతా సంఘం అధ్యక్షులు, సభ్యులు, ప్రత్యేక ఆహ్వానితులు, టీ తాగడానికి వచ్చి సంతకం పెట్టి వెళ్ళినవాళ్ళు, అందరూ. ఎనుమును క్షమించొచ్చు. అది రోడ్డు దాటుతోంది, దాని పని దానికుంది. పైగా దానికి సంఘం లేదు, తీర్మానాలు లేవు. మీకున్నాయి. ముప్ఫై నాలుగు తీర్మానాలు. అన్నిటి జిరాక్సు కాపీలూ మద్దిలేటి పనిముట్ల సంచిలో గ్రీజు మరకలతో భద్రంగా ఉన్నాయి. కాదనడానికి వీల్లేదు.

తెలియనివాళ్ళకు ఒక మాట. ఇక్కడ గేదెను ఎనుము అంటారు. ఈ ఒక్క ముక్క ఆస్పత్రి గుమాస్తాకు తెలిసి ఉంటే ఈ కథలో సగం జరిగేది కాదు.

మద్దిలేటి బోరు మోటార్ల మేస్త్రీ. చదివింది ఏడో తరగతి. భూమిలోంచి పైపులు బయటికి లాగి, ఏది తుప్పు పట్టింది, ఏది పట్టలేదు, ఎందుకు పట్టలేదు అని చూడటం పాతికేళ్ళుగా అతని పని. భార్య దస్తగిరమ్మ టీవీఎస్ బండి మీద టమాటా గంపలు కట్టుకుని మార్కెట్‌కు పోతుంటే ఎనుము అడ్డమొచ్చింది. టమాటాలు రోడ్డు పాలయ్యాయి. దస్తగిరమ్మ ఎడమ తొడ ఎముక రెండు ముక్కలైంది. ఎనుము లేచి, తోక ఊపుకుంటూ, ఒక టమాటా తిని వెళ్ళిపోయింది.

ఆస్పత్రిలో చీటీలు రాసే గుమాస్తా కోస్తా నుంచి బదిలీ మీద వచ్చి వారమైంది.

"ఎలా జరిగిందమ్మా?"

"ఎనుము తగిలిందప్పా."

"ఇనుమా?"

"ఆ, ఎనుమే. నల్లది."

"ఎంత బరువుంటుంది?"

"ఐదారు క్వింటాళ్ళు ఉంటాదేమో. బాగా మేపినట్ల ఉండాది."

గుమాస్తా చివరి మాట సరిగ్గా వినలేదు. చీటీలో రాశాడు: 'ఆరు క్వింటాళ్ళ నల్ల ఇనుము తగిలి ఎడమ తొడ ఎముక విరిగినది.'

ఎముకల డాక్టరు తస్లీమ్ మేడమ్ ఎక్స్‌రే ఫొటో చూసింది. "స్టీలు ప్లేటు వేసి స్క్రూలు బిగిస్తాం. ఎల్లుండి ఆపరేషన్. ఆర్నెల్లలో మళ్ళీ బండి తోలుతుంది" అంది. మనిషి సన్నగా, కళ్ళ కింద నల్లగా, నిద్రకు బాకీ ఉన్నట్టు ఉంటుంది. మద్దిలేటికి ఆమె మీద గురి కుదిరింది. ఎందుకంటే ఆమె ఫొటో చూసేటప్పుడు, తను పైపు చూసినట్టే, ముక్కలు కలిసే కీలు దగ్గరే ఎక్కువసేపు చూసింది.

ఆ ఎల్లుండి రావడానికి పంతొమ్మిది రోజులు పట్టింది.

మర్నాడే రాజధాని నుంచి ఇంగ్లీషులో ఒక సర్క్యులర్ దిగింది. అది మూడు వరసలే. విషయం కూడా మంచిదే. విరిగిన ఎముక మీద బిగించే కట్టులో ప్లేటు ఒక లోహం, స్క్రూలు ఇంకో లోహం పెట్టొద్దు. స్టీలు ప్లేటుకు స్టీలు స్క్రూలు, టైటానియం ప్లేటుకు టైటానియం స్క్రూలు. అంతే. ఆ కట్టును డాక్టర్లు 'కన్‌స్ట్రక్ట్' అంటారు. ఆస్పత్రి ఆఫీసులో నిఘంటువు తెరిచారు. తెలుగు చేశారు: 'అసమాన లోహములను ఒకే నిర్మాణమునందు ఉంచరాదు.'

నిర్మాణము అంటే ఏమిటో ప్రభుత్వంలో అటెండరుకు కూడా తెలుసు. బిల్డింగు.

దాంతో ఫైలు ఎముకల విభాగానికి పోలేదు. పరిపాలనాధికారి ఏకాంబరేశ్వరరావు బల్ల మీద వాలింది. ఆయన సర్వీసంతా ఇలాంటి ఒక కాగితం కోసమే ఎదురుచూసిన మనిషి. అంతకుముందు 'చేతులు కడుగు వారోత్సవం' తొమ్మిది నెలలు నడిపాడు. ఆ తొమ్మిది నెలలూ కుళాయిలో నీళ్ళు లేవు, అది వేరే విభాగం. సాయంత్రానికల్లా లోహ భద్రతా సంఘం ఏర్పడింది. ఆయనే లేచి చదివాడు.

"ఇందుమూలముగా సమస్త సిబ్బందికి తెలియజేయునది ఏమనగా, ఈ నిర్మాణమునందు గల లోహములన్నింటిని గుర్తించి, వర్గీకరించి, ప్రధాన లోహమును నిర్ధారించి, తక్కిన లోహములను తక్షణమే బహిష్కరించవలెను."

ప్రధాన లోహం స్టీలు అని తేలింది, ఎందుకంటే క్యాంటీన్ గ్లాసులు ఎక్కువ. మరి ఇనుము, స్టీలు ఒకటేనా? రెండు గంటలు చర్చ. ఇనుము తుప్పు పడుతుంది, స్టీలు పట్టదు, కాబట్టి అసమానాలే అని మూడో తీర్మానం. మంచాలు ఇనుపవి. ఆ పూటే మంచాలన్నీ బయటికి పోయాయి. కల్యాణ మండపం నుంచి కొయ్యబల్లలు తెప్పించారు. దస్తగిరమ్మ విరిగిన కాలుతో, అంతకు ముందు వారం ఎవరి పెళ్ళి భోజనాలకో వేసిన బల్ల మీద పడుకుంది. బల్ల అంచుకు ఇంకా సాంబారు వాసన ఉంది.

కరెంటు తీగలు రాగివి. అవి తీసేస్తే సంఘం గదిలో ఏసీ ఆగిపోతుంది. ఏకాంబరేశ్వరరావు ఆలోచించి ఆరో తీర్మానం చేయించాడు: 'తీగలు గోడ లోపల గలవు. కంటికి కనపడనిది సంఘము పరిధిలోకి రాదు.' ఈ తీర్మానం గుర్తుపెట్టుకోండి. మద్దిలేటి గుర్తుపెట్టుకున్నాడు.

టైటానియం గురించి ఏ గొడవా రాలేదు. ఎందుకంటే సంఘం జాబితాను ఐదో తరగతి సామాన్యశాస్త్రం పుస్తకం చూసి రాసుకున్నారు. ఇనుము, రాగి, ఇత్తడి, వెండి, బంగారం, సీసం, అల్యూమినియం. టైటానియం అందులో లేదు. లేనిది లోహం కాదు. థియేటర్‌లో ఉన్న టైటానియం స్క్రూల పెట్టె మీద 'ఇతరములు' అని చీటీ అంటించి అక్కడే వదిలేశారు.

గేటు దగ్గర తనిఖీ మొదలైంది. పది రూపాయల బిళ్ళ లోపలికి రానివ్వలేదు, దానికి అంచు ఒక లోహం, నడుమ ఇంకో లోహం. ఊళ్ళో దుకాణాలవాళ్ళు ఏళ్ళ తరబడి ఆ బిళ్ళ చెల్లదు చెల్లదు అంటున్నారు, ఎందుకు చెల్లదో వాళ్ళకే తెలీదు. ఇప్పుడు కారణం దొరికింది. ఆవరణలో ఉన్న పంచలోహ వినాయకుడికి సంజాయిషీ నోటీసు ఇచ్చారు: 'ఒకే దేహమునందు ఐదు లోహములు ఏల కలిగి యున్నారో ఏడు దినములలో తెలుపవలెను.' ఆయన తెలపలేదు. మౌనం అంగీకారంగా పరిగణించి ప్రహరీ బయటికి మార్చారు. అక్కడ ఆయనకు కొబ్బరికాయలు ఎక్కువ పడుతున్నాయి, ఆయన ఫిర్యాదు చేయలేదు.

తర్వాత దస్తగిరమ్మ దగ్గరికి వచ్చారు. తాళిబొట్లు బంగారం. ఆమె తీసిచ్చి, తాడుకు పసుపుకొమ్ము కట్టుకుంది. మెట్టెలు వెండి. అవి రాలేదు. ఇరవై రెండేళ్ళయింది తొడిగి, పైగా పాదాలు రెండూ వాచి ఉన్నాయి. మద్దిలేటి సంచిలోంచి యాక్సా బ్లేడు తీశాడు.

"మే, కాలు కదిలించాకు."

"తొడిగేటప్పుడూ ఇదే మాట అంటివి."

"అప్పుడు ఇనలేదు కదా నువ్వు."

"అప్పుడు నీ చెయ్యి వణికిందబ్బా. ఇప్పుడు చూడు, ఏమీ వణకల్యా. పైపు కోసినట్ల కోస్తాండావు."

మెట్టెలు రెండూ తెగాయి. పక్కనే నిలబడ్డ సంఘం మనిషి రసీదు రాశాడు: 'విరిగిన వెండి మెట్టెలు రెండు, అన్యలోహపు రంపపు బ్లేడు ఒకటి, స్వాధీనము.' బ్లేడు కూడా ఎందుకు అంటే, దాని లోహం ఏదో ఇంకా నిర్ధారణ కాలేదు అన్నాడు.

"ఇప్పుడన్నా ఆపరేషన్ చేస్తారా సార్?" అన్నాడు మద్దిలేటి.

చేయరు. చీటీలో ఆరు క్వింటాళ్ళ ఇనుము ఉంది.

మద్దిలేటి సంఘం ముందు నిలబడ్డాడు. ఏకాంబరేశ్వరరావు చీటీ పైకెత్తి చూపించాడు. "సదరు రోగిణికి ఇదివరకే భారీ పరిమాణములో ఇనుము సోకి యున్నది. అట్టి శరీరమునందు స్టీలు ప్రవేశపెట్టుట సాధ్యపడదు."

"అది ఇనుము కాదు సార్, ఎనుము. బర్రె. పాలిచ్చేది."

"నోటిమాట చెల్లదు. సదరు వస్తువు లోహము కాదని అర్హత గల అధికారి ధ్రువీకరించవలెను."

మద్దిలేటి రెండు రోజులు తిరిగి ఎనుమును వెతికాడు. దాని యజమాని ముందు నష్టపరిహారం అడగడానికి వచ్చాడనుకుని అది తనది కాదన్నాడు, తర్వాత సంగతి విని నవ్వు ఆపుకోలేక గోడకు ఆనుకున్నాడు. ఇద్దరూ కలిసి దాన్ని పశువుల డాక్టరు దగ్గరికి తోలుకుపోయారు. ఆయన పాతికేళ్ళ సర్వీసులో ఇలాంటి కాగితం రాయలేదు. అయినా ఓపికగా రాశాడు: 'సదరు ఎనుమును స్వయముగా పరీక్షించితిని. మేత మేయుచున్నది, పూటకు మూడు లీటర్లు పాలిచ్చుచున్నది. అయస్కాంతమునకు అంటలేదు. కావున లోహము కాదు.' కింద ముద్ర.

"ఆ అయస్కాంతం సంగతి నువ్వు అడగలేదు కదన్నా" అన్నాడు బయటికొచ్చాక ఎనుము యజమాని.

"అడగల్యా. ఆయనకే తోచింది. తెలివైన మనిషి."

కాగితం చెల్లింది. కానీ అప్పటికి దస్తగిరమ్మ రక్తపరీక్ష వచ్చింది. ఏడు పాయింట్లే. పది లేకపోతే మత్తు డాక్టరు ముట్టుకోడు. తస్లీమ్ మేడమ్ ఐరన్ ఇంజెక్షన్లు రాసింది. ఐరన్ అనే మాట కాగితం మీద కనపడగానే సంఘం మళ్ళీ కూర్చుంది.

"శరీరమునందు ఇనుము ప్రవేశపెట్టి, దానిపై స్టీలు అమర్చుట ఈ నిర్మాణపు విధానములకు విరుద్ధము" అన్నాడు ఏకాంబరేశ్వరరావు. "రక్తములోని ఇనుము శూన్యస్థాయికి వచ్చిన పిమ్మట శస్త్రచికిత్స పరిశీలించబడును."

"సార్" అంది తస్లీమ్ మేడమ్, "రక్తంలో ఇనుము లేని మనిషిని శవం అంటాం."

"ఆ వర్గమునకు ప్రత్యేక మార్గదర్శకములు కలవు మేడమ్."

మందులు ఆగిపోయాయి. వార్డులో ఉన్న ఆరుగురు గర్భిణీలకూ ఆగిపోయాయి. ఇక తిండే దిక్కు అనుకుని మద్దిలేటి ఇంటి నుంచి గోంగూర పప్పు, బెల్లం, చెనిక్కాయ ఉండలు, రాగి సంగటి కట్టుకొచ్చాడు. గేటు దగ్గర వాచ్‌మన్ ఆపాడు.

"సంచిలో ఏముండాది?"

"రాగి సంగటన్నా."

వాచ్‌మన్ జాబితా చూశాడు. రెండో పేరు మీద వేలు పెట్టాడు. "రాగి."

"ఇది తినే రాగి కదన్నా."

"నాకు తెల్దా? పొద్దున నేనూ అదే తిని వచ్చినా. జాబితాలో రాగి అని ఉండాది, తినేదా తిననిదా అని ల్యా. నా ఉద్యోగం పోతే నువ్విస్తావా?"

రాగులకున్న ఇంకో పేరు మద్దిలేటికి గుర్తొచ్చింది. "తైదల సంగటి అనుకో."

వాచ్‌మన్ జాబితా అటు నుంచి ఇటు, ఇటు నుంచి అటు చదివాడు. "తైదలు లేవు. పో."

అలా పేరు మార్చుకుని సంగటి లోపలికి పోయింది. దస్తగిరమ్మ ముద్ద నోట్లో పెట్టుకుని, "తైదలైనాక రుచి తగ్గిందబ్బా" అంది. ఆ రాత్రి నుంచే కాలు నొప్పి ఎక్కువైంది. బల్ల అంచు పట్టుకుని పళ్ళు బిగబట్టేది తప్ప అరవలేదు. మద్దిలేటికి అరిస్తేనే బాగుండుననిపించేది. ఎముక ముక్కలు ఒకదాని మీదికొకటి ఎక్కి కాలు అప్పటికే రెండు వేళ్ళ మందం కురచైంది. ఇంకో వారం పోతే సరిగ్గా అతకడం కష్టమని మేడమ్ మెల్లగా చెప్పింది.

పదిహేడో రోజు సంఘం తన శిఖరానికి చేరింది. ప్రత్యేక ఆహ్వానితుడిగా ఒక రిటైర్డు కెమిస్ట్రీ లెక్చరర్ వచ్చాడు. టీ తాగి, బిస్కెట్ ముంచుకుంటూ, మామూలుగా అన్నాడు: "కాల్షియం కూడా లోహమేనండీ. ఎముకంతా అదే."

సంఘం మొత్తం టీ కప్పులు కింద పెట్టింది.

"అనగా" అన్నాడు ఏకాంబరేశ్వరరావు, "ఎముకయే లోహమా?"

"లోహపు లవణం. మీ లెక్కన లోహమే."

"అట్లయినచో ఎముకపై స్టీలు అమర్చుటయే సమ్మేళనము. ముందుగా ఎముకను పూర్తిగా తొలగించి, ఆ పిమ్మట..."

"ఆ పిమ్మట ప్లేటు దేనికి బిగించాల సార్?" అన్నాడు తలుపు దగ్గర మద్దిలేటి.

"అది సాంకేతిక విభాగము వారు చూచుకొందురు."

లెక్చరర్ ఇంకో బిస్కెట్ తీసుకున్నాడు. "మరి మీ పన్ను కూడా ఉంది కదా సార్. దంతం కాల్షియం. అందులో నింపింది వెండి, పాదరసం కలిపిన ముద్ద. కింద దవడ. రక్తంలో ఇనుము. మీరు ఒక్కరే ఈ బిల్డింగులో నాలుగు లోహాలు."

సంఘం సభ్యులు ఒకరి నోటికేసి ఒకరు చూసుకున్నారు. ఇప్పటిదాకా బహిష్కరించింది పక్కవాళ్ళ సామాన్లు. అప్పటికి ముప్ఫై రెండు తీర్మానాలు చేయడానికి పదిహేడు రోజులు పట్టింది. ముప్ఫై మూడోది చేయడానికి నాలుగు నిమిషాలు పట్టింది: 'సంఘ సభ్యుల, తత్సమానుల శరీరములందలి సహజ లోహములకు సడలింపు ఇవ్వడమైనది.' మద్దిలేటి పక్కనే నిలబడ్డ తస్లీమ్ మేడమ్ ఆ కాగితం లాక్కున్నట్టే తీసుకుని, "తత్సమానులు అంటే మనుషులే కదా సార్" అంది. కాదనడానికి ఎవరికీ నోరు రాలేదు, నోట్లో పళ్ళున్నాయి. ఆమె వెంటనే మూడు సీసాల రక్తం ఎక్కించి పంతొమ్మిదో రోజు పొద్దున్నే దస్తగిరమ్మను థియేటర్‌కు తీసుకుపోయింది.

మద్దిలేటి బయట కూర్చున్నాడు. గంట గడిచింది. తలుపు తెరుచుకుంది. తస్లీమ్ మేడమే, మాస్కు మీద కళ్ళు మాత్రం కనపడుతున్నాయి.

"మద్దిలేటీ, నీ యాక్సా బ్లేడు ఏదీ?"

"ఎందుకు మేడమ్?"

"స్టీలు ప్లేటు ఎముక మీద పెట్టాను. స్క్రూల పెట్టె తెరిస్తే 'ఇతరములు' పెట్టె. టైటానియంవి. స్టీలు స్క్రూలు స్టోరు బీరువాలో ఉన్నాయట. బీరువా స్టీలుది, దానికి ఇత్తడి తాళం. స్టీలుకు ఇత్తడి కలపకూడదని తాళంచెవి స్వాధీనం చేసుకున్నారు. తాళం కోయాలి."

"బ్లేడు కూడా స్వాధీనమే మేడమ్." మద్దిలేటి జేబులోంచి రసీదు తీసి చూపించాడు.

ఆమె రసీదు చదివింది. సంఘం గదికి ఫోన్ చేయించింది. స్వాధీన వస్తువుల విడుదలకు దరఖాస్తు మూడు ప్రతులలో కావాలన్నారు. మద్దిలేటి స్టోరుకు పరిగెత్తి రాయి పెట్టి తాళం మీద కొట్టాడు. మంచి తాళం, రాయి పగిలింది. లోపల తొడ తెరిచి ఉంది. ప్లేటు ఎముక మీద ఉంది. రక్తం పోతోంది. తస్లీమ్ మేడమ్ చేతిలో ఉన్న స్క్రూలే బిగించి కోత మూసింది. ఏమీ దాచలేదు, కేసు షీటులో తన చేత్తో రాసింది: ప్లేటు స్టీలు, స్క్రూలు టైటానియం, కారణం ఇత్తడి తాళం.

అదయ్యా సంగతి. పంతొమ్మిది రోజులు ఒక మనిషి ఒంటి మీద వెండి తీసి, బంగారం తీసి, మంచం తీసి, నోటి కాడి సంగటికి పేరు మార్చి, ఏ ఒక్క చోట రెండు లోహాలు కలవకూడదో ఆ ఒక్క చోటే కలిపారు. సర్క్యులర్ ఆపమన్నది అదొక్కటే.

"ఏమవుతాది మేడమ్?" అన్నాడు మద్దిలేటి.

"అబద్ధం చెప్పను. చాలామందికి ఏమీ కాకపోవచ్చు, ఎముక మామూలుగా అతుక్కుంటుంది. కొందరికి ప్లేటూ స్క్రూలూ కలిసే కీలు దగ్గర లోహం అరిగి, చుట్టూ కండ నల్లబడి, స్క్రూలు వదులై మళ్ళీ తెరవాల్సి వస్తుంది. ఈమెకు ఏదవుతుందో చూస్తూ ఉండాలి. ఎవరి ఒంట్లో ఏం పెట్టామో రాసిన పుస్తకం ఒక్కటి ఈ ఆస్పత్రిలో ఉంటే, నేను ఇంకా గట్టిగా చెప్పగలిగేదాన్ని."

మద్దిలేటి ఆ మధ్యాహ్నమే ఎక్స్‌రే పట్టుకుని సంఘం గదికి పోయాడు.

"మీ కాయితం తప్పని నేను అనల్యా సార్. అది నాకు పాతికేళ్ళ నుంచి తెలుసు. బోరులో ఉప్పు నీళ్ళుంటే జీఐ ఇనుప పైపుకు ఇత్తడి వాల్వు నేరుగా బిగించకూడదు, రెండేళ్ళలో ఆ కీలు కాడ పైపు తినేసుకుంటాది. మనిషి ఒళ్ళూ ఉప్పు నీళ్ళే. బోరైతే నేను పైపు పైకి లాగి మారుస్తా. నా పెండ్లాన్ని ఎట్ల లాగాల?"

"శరీరాంతర్గత విషయము" అన్నాడు ఏకాంబరేశ్వరరావు. "ఆరవ తీర్మానము ప్రకారము కంటికి కనపడనిది పరిధిలోకి రాదు."

మద్దిలేటి ఎక్స్‌రేను కిటికీకి ఎదురుగా ఎత్తి పట్టుకున్నాడు. "ఇదో. కనపడతాంది."

సంఘం మొత్తం లేచి చూసింది. పొడుగ్గా ప్లేటు, అడ్డంగా ఎనిమిది స్క్రూలు. ఏకాంబరేశ్వరరావు కళ్ళజోడు సర్దుకున్నాడు.

"రెండునూ తెల్లగానే యున్నవి. అసమానత ఏదియు కనపడుట లేదు." ముప్ఫై నాలుగో తీర్మానం: 'ఫిర్యాదు పరిష్కరించబడినది.'

ఆపరేషన్ అయిన మూడో రోజు డిశ్చార్జి చీటీ ఆయనే స్వయంగా తెచ్చాడు, వెనుక ఇద్దరు స్ట్రెచర్‌తో. "సదరు రోగిణి ఈ దినము నిర్మాణమును ఖాళీ చేయవలెను."

దస్తగిరమ్మ పెళ్ళి బల్ల మీద మోచేతుల మీద కొంచెం లేచింది. మద్దిలేటి పట్టుకోబోతే చెయ్యి అడ్డం పెట్టింది.

"మూడు వారాలు థియేటర్ లోపలికి రానియ్యకపోతిరి, ఇప్పుడు బయటికి పొమ్మంటాండారు. నేను పోను సార్. ఈ బల్ల దిగితే కదా మీరు పంపేది. కాయితం తీసుకోండి, కూర్చోండి, చెప్తా రాయండి. నా తొడలో ప్లేటు ఏంది, స్క్రూలు ఏంది, రెండూ ఎందుకు కలిసినాయి, రాసి సంతకం పెట్టి నా చేతికియ్యండి. మూడు నెలలకొకసారి ఫొటో తీస్తామని రాయండి. వదులైతే మేమే మళ్ళా తెరిచి సరైనవి వేస్తామని రాయండి. ఇంగ నుంచి ఎవురి ఒంట్లో ఏది పెట్టినా వాళ్ళకు ఇట్లనే రాసిస్తామని రాయండి. ప్లేటూ దాని స్క్రూలూ ఒకే పెట్టెలో పెట్టి, తొడ కోయకముందు తెరిచి చూడండి, కోసినాక కాదు. ఆ బీరువా తాళం ఈ పొద్దే, నేను చూస్తాండంగా తీసేయండి, పక్క వార్డులో ఇంగొకామె కాలు ఇరిగి ఉండాది. ఆ గర్భిణీ పిల్లలకు మాత్రలియ్యండి. నా తాళిబొట్లు, మెట్టెలు, ఆయప్ప బ్లేడు ఈడ పెట్టండి."

ఏకాంబరేశ్వరరావు అటూ ఇటూ చూశాడు. కూర్చోడానికి కుర్చీ లేదు, అవన్నీ ఇనుపవి, ఆయనే బయట వేయించాడు. నిలబడే పెన్ను తీశాడు.

"మొదటి వరస నుంచి రాయండి సార్" అంది దస్తగిరమ్మ. "కాలు ఎట్ల ఇరిగిందో ఆడ నుంచి. ఎనుమును ఎనుమని రాయండి."